ఇంటికంటే ముందు కార్డు



కిందటి నెల గేటు మీటింగులో గృహనిర్మాణ సహకార సంఘం మాట ఎత్తామో లేదో, వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి లేచి, "సొసైటీ గిసైటీ వద్దన్నా, ఒక్కసారి మునిగింది చాలు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన ఎందుకన్నాడో మాకు తెలుసు, ఎందుకంటే మునిగిన వాళ్లలో మేమూ ఉన్నాం.

మేము మిల్లులో బదిలీ కార్మికులుగా చేరిన రోజుల్లో, పగారు చేతికి రాకముందే సొసైటీ కోత పడేది. షేరు పైసలు ఇన్ని, పొదుపు ఇన్ని అని చీటీ మీద రాసి ఉండేది. ఆడిట్ ఎప్పుడు జరిగిందో, లెక్కల పుస్తకం ఎవరి బీరువాలో ఉందో ఒక్కరం అడగలేదు. సంవత్సరానికి ఒకసారి సభ అని కబురొచ్చేది, పోతే చాయ్, బిస్కెట్టు ఇచ్చి సంతకం పెట్టించుకునేవారు. మిల్లు మూతపడింది. అప్పు తీసుకున్నవారి అప్పును గ్రాట్యుటీలోంచి పైసలతో సహా కోసుకున్నారు. మన షేరు డబ్బు, పొదుపు డబ్బు సంగతి అడిగితే ఈరోజు రండి, రేపు రండి అన్నారు. తర్వాత ఆ ఆఫీసుకే తాళం పడింది. కాబట్టి ఆ పెద్దమనిషి మాటను మేము తప్పు పట్టం.

అయినా మళ్లీ సొసైటీ మాట ఎందుకు ఎత్తామంటే, మన షోలాపూర్ పక్కనే కుంభారి ఉంది కాబట్టి. అక్కల్‌కోట్ వైపు పోయే దారిలో ఊరు దాటాక కనిపించే ఆ ఇళ్ల వరుసలు చూడని వాళ్లు మనలో తక్కువ. మన ఇళ్లలోని ఆడవాళ్లు, అక్కలు, చెల్లెళ్లు, వదినెలు ఎంతోమంది అక్కడ సొంత ఇంట్లో ఉన్నారు. ఆ ఇళ్ల వెనక ఒక తెలుగు మనిషి జీవితం ఉంది. ఆయన ఆడం నర్సయ్య. షోలాపూర్‌లో అందరూ పిలిచేది 'ఆడం మాస్టర్' అనే.

ముందే ఒక మాట చెప్పాలి. ఆయన జెండా వేరు, మన జెండా వేరు. వేరే యూనియన్ నాయకుడి గురించి మన బులెటిన్‌లో ఇంత రాయడం ఏమిటని కార్యవర్గంలోనే ఇద్దరు అడిగారు. పని ఎవరు చేసినా చూసి నేర్చుకోవలసిందే, తప్పు ఎవరిదైనా చెప్పవలసిందే అని మేము జవాబిచ్చాం. ఈ వ్యాసంలో రెండూ ఉంటాయి.

షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో పెట్టారు. ఆ తర్వాత నర్సింగ్‌గిర్జీ, లక్ష్మి, విష్ణు మిల్లులు వచ్చాయి. అప్పటి నిజాం రాజ్యపు జిల్లాల నుంచి మగ్గం తెలిసిన మన పద్మశాలీలు ఇక్కడికి వలస వచ్చారు. కొందరు మిల్లుల్లో సాంచాల మీద నిలబడ్డారు, కొందరు ఇంట్లోనే మగ్గం వేసుకున్నారు. అట్లా వచ్చిన కుటుంబాల్లో పుట్టినవాడే నర్సయ్య. భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు)లో, సీఐటీయూలో పని చేశాడు. బీడీ కార్మికులు, మరమగ్గాల కార్మికులు, చేనేతవారు ఆయన యూనియన్ల కింద నిలబడ్డారు. 1978లో, 1995లో, 2004లో మూడుసార్లు మహారాష్ట్ర శాసనసభకు గెలిచాడు. శాసనసభ్యులు మన ఊరికి చాలామంది వచ్చారు, పోయారు. ఆయనను వేరుగా గుర్తుంచుకోవలసింది ఆ పదవి వల్ల కాదు.

మన ఇళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1960ల నుంచి మొదలై నలభై ఏళ్ల లోపల ఇక్కడి పెద్ద మిల్లుల భోంగాలు ఒకటొకటిగా మూగబోయాయి. మగవాడు పని పోయి ఇంట్లో కూర్చున్న చోట పొయ్యి వెలిగించింది చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి. పది అడుగుల కిరాయి గదిలో ఒక మూల పిల్లల పడక, ఒక మూల పొయ్యి, గడప దగ్గర బీడీలు. తంబాకు ఘాటుకు చంటిపిల్ల దగ్గుతూనే పెరుగుతుంది. కిరాయి రెండు నెలలు ఆగితే ఇంటిగల్లాయన సామాను బయటపెడతాడు. ఇట్లాంటి గదిలో ఉన్న మనిషి దగ్గర యూనియన్ వెయ్యి బీడీలకు రేటు ఎంత పెంచాలన్న మాట ఒక్కటే మాట్లాడితే సరిపోతుందా? ఆ ప్రశ్న మన యూనియన్లన్నీ వేసుకోవలసింది. మనం పగారు, బోనస్, కరువు భత్యం దగ్గర ఆగిపోయాం. పగారులో పెరిగింది కిరాయిలో పోతుందని తెలిసి కూడా ఆగిపోయాం. మాస్టర్ ఆగలేదు.

గోదూతాయి పరులేకర్ పేరుతో బీడీ కార్మిక మహిళల గృహనిర్మాణ సహకార సంస్థ ఏర్పడింది. గోదూతాయి అంటే థానా జిల్లాలో 1945 నాటి వార్లీ ఆదివాసుల పోరాటం నడిపిన నాయకురాలు. 1996లో కన్నుమూసింది. కుంభారిలో ఆ సంస్థ కట్టిన ఇళ్లు పదివేలు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని కార్మికులకు అప్పగించారు.

లెక్క చూడండి. ఒక ఇంటికి 60 వేల రూపాయలు. అందులో 20 వేలు కేంద్రం, 20 వేలు రాష్ట్రం, 20 వేలు కార్మికురాలు. మూడో వంతు తన చెమట డబ్బు పెట్టింది కాబట్టి అది ఎవరో వేసిన భిక్ష కాదు. ఇంకో సంగతి, సంస్థలో సభ్యురాలు ఆడమనిషి. తాగివచ్చి 'నా ఇంట్లోంచి పో' అనే మగవాడికి ఇది ఎవరి ఇల్లో కాగితం మీదే రాసి ఉంది. ఈ ఒక్క పని కోసమైనా ఆ సంస్థకు దండం పెట్టాలని మా ఇంట్లోవాళ్లు అంటారు. మేము కాదనలేకపోయాం.

ఆ కేంద్రం 20 వేలు ఎక్కడివి? ఇక్కడ చాలామంది పొరబడతారు. ఢిల్లీ దయ తలచి ఇచ్చింది కాదు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమం కోసం రెండు చట్టాలు వచ్చాయి. తయారైన బీడీల మీద సెస్సు వసూలు చేసి ఒక నిధిలో వేయాలి, ఆ నిధిని కార్మికుల వైద్యానికి, పిల్లల చదువుకు, ఇళ్లకు ఖర్చు పెట్టాలి. ఇంటి సబ్సిడీ ఆ నిధిలోనిదే. అంటే బీడీ చుట్టిన చేతుల పనిలోంచి పుట్టిన డబ్బు తిరిగి ఆ చేతులకే వచ్చింది. జీఎస్టీ వచ్చిన 2017లో ఆ సెస్సును ఎత్తేశారు. అది వేరే పోరాటం, మరోసారి రాస్తాం.

ఆ నిధిలోంచి పైస కావాలంటే మొదట కావలసింది గుర్తింపు కార్డు. ఈ ఆడమనిషి బీడీ కార్మికురాలు అని చెప్పే కాగితం లేనిదే దవాఖానా లేదు, పిల్లలకు స్కాలర్‌షిప్పు లేదు, ఇల్లూ లేదు. బీడీ యజమానులు ఆ కార్డు సంతోషంగా ఇచ్చారని ఎవరైనా అనుకుంటే వారికి ఈ ధంధా తెలియదన్నమాట. ఇంటి దగ్గర కూర్చుని చుట్టే మనిషి మా కార్మికురాలే కాదు పొమ్మనడం వాళ్ల పాత అలవాటు. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చాక కూడా, కార్డు కోసం, పీఎఫ్ కోసం యూనియన్లు ఏళ్ల తరబడి మోర్చాలు తీయవలసి వచ్చింది. ఆ మోర్చాలు ముందు, కుంభారి ఇళ్లు తర్వాత. ఇటుకలు, సిమెంటు చూసి మనం అబ్బురపడతాం గాని, ఆ ఇంటికి అసలు పునాది ఆ చిన్న అట్టముక్క కార్డు. మాస్టర్ జీవితంలో మన మిల్లు, సాంచాల కార్మికులు చూడవలసింది ఇదే అని మా అభిప్రాయం.

మహారాష్ట్రలో సహకార నాయకుడు అనగానే తెల్లటోపీ, పెద్ద బండి, చక్కెర కారఖానా గుర్తుకొస్తాయి. మొదట్లో అట్లా లేదు. విఠల్‌రావు విఖే పాటిల్ ప్రవరా దగ్గర రైతులను కూడగట్టి, ధనంజయరావు గాడ్గిల్ తోడు ఉండి, 1950 నాటికి సహకార చక్కెర కారఖానా నడిపించారంటే అది గొప్ప సంగతే. కాని అక్కడ సభ్యుడు చెరకు రైతు. చెరకు కొట్టే కూలీ సభ్యుడు కాదు. మన పక్కనే ఉన్న సహకార నూలు మిల్లుల సంగతీ అంతే. సభ్యులు పత్తి రైతులో నేత యజమానులో అవుతారు, లోపల రింగ్ ఫ్రేము దగ్గర రాత్రి పాళీ చేసేవాడు ఉత్త జీతగాడు. బోర్డు మీద 'సహకార' అని ఉన్నంత మాత్రాన మన పగారు ఒక్క రూపాయి పెరగలేదు. కుంభారి సొసైటీలో పని చేసే మనిషే సభ్యురాలు. తేడా అక్కడుంది.

తర్వాత వచ్చింది రేనగర్. అదీ కుంభారిలోనే. ఈసారి లెక్క 30 వేల ఇళ్లు. బీడీ కార్మికులే కాక మరమగ్గాల వాళ్లు, చేనేతవారు, బండ్ల మీద అమ్ముకునేవాళ్లు, చిత్తు కాగితాలు ఏరేవాళ్లు, డ్రైవర్లు కూడా ఇందులో ఉన్నారు. 2019 జనవరి 9న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న మళ్లీ వచ్చి 15 వేల ఇళ్లు అప్పగించారు. శంకుస్థాపన నాడు చెప్పిన మొత్తం ఖర్చు సుమారు 1,811 కోట్లు, అందులో కేంద్ర, రాష్ట్రాల సాయం 750 కోట్లు. మన భాషలోకి మార్చుకుంటే ఇంటికి దాదాపు ఆరు లక్షలు, సాయం రెండున్నర లక్షలు. మిగిలిన మూడున్నర లక్షలు ఎవరివి? కార్మికుడివే. గోదూతాయి ఇళ్లలో ప్రభుత్వాలు రెండు వంతులు పెట్టి కార్మికురాలు ఒక వంతు పెట్టింది. రేనగర్ నాటికి కార్మికుడి వాటాయే సగం దాటింది. సాంచాల మీద వారం పగారు తీసుకునేవాడికి మూడున్నర లక్షల అప్పు అంటే ఎన్ని ఏళ్ల కిస్తీ, పని లేని వారం కిస్తీ ఎట్లా కట్టాలి అన్నది ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోవలసిన లెక్క. ఉపన్యాసాల్లో ఈ లెక్క ఎవరూ చెప్పరు.

2019 నాటి గొడవ సంగతి కూడా రాయకపోతే నిజాయితీ కాదు. ఆ శంకుస్థాపన సభలో మాస్టర్ ప్రధానిని మెచ్చుకుంటూ మాట్లాడారు. మళ్లీ ఆయనే ప్రధానిగా వచ్చి ఇళ్లు అప్పగించాలన్న అర్థం వచ్చేలా మాట్లాడారని సొంత పార్టీయే తప్పు పట్టి, కేంద్ర కమిటీ నుంచి మూడు నెలలు సస్పెండు చేసింది. మన ఆఫీసులో దీని మీద వారం రోజులు వాదన నడిచింది. 'ముప్పై వేల కుటుంబాలకు ఇల్లు వస్తుంటే రెండు మంచి మాటలు అంటే ఏం పోయింది' అన్నారు కొందరు. 'కార్మిక చట్టాలను మార్చే ప్రభుత్వానికి కార్మిక నాయకుడు హారతి పట్టడమేమిటి' అన్నారు ఇంకొందరు.

మా అభిప్రాయం దాచుకోం. ఇల్లు అడగడానికి ఏ ప్రభుత్వం గడపైనా ఎక్కవచ్చు. మన్మోహన్ గడప ఎక్కినవాళ్లు మోదీ గడప ఎక్కకూడదన్న నియమం లేదు. కార్మికురాలు వానలో తడుస్తుంటే, మనకు నచ్చిన ప్రభుత్వం వచ్చేదాకా ఆగమని చెప్పే హక్కు ఏ నాయకుడికీ లేదు. అంతవరకు మాస్టర్ చేసింది ఒప్పు. కాని ఎన్నికల ముందు, వేదిక మీద, మైకు ముందు పలికిన మెప్పు వేరు. ఆ రెండున్నర లక్షలు ఎవరి జేబులోవీ కావు, మనం కొన్న అగ్గిపెట్టె మీద కూడా కట్టే పన్నులోవి. తీసుకున్నందుకు రసీదు ఇవ్వాలి, ఓటు మాట ఇవ్వకూడదు. ఆ మాట ఆయన నోటి నుంచి రాకుండా ఉంటే బాగుండేది. అయితే ఒకటి, ఆయనను ఎగతాళి చేసిన వాళ్లలో ఎందరు తమ సభ్యులకు ఒక్క ఇల్లయినా కట్టించారో లెక్క తీస్తే మాట్లాడేవాళ్లు తగ్గిపోతారు.

ఓట్ల కోసమే ఇదంతా చేశాడనే మాటా విన్నాం. కుంభారి నగరం బయటి గ్రామం. ఓట్ల లెక్క చూసుకునేవాడెవడూ తనకు ఓటేసే కార్మిక కుటుంబాలను వేలకు వేలుగా నగరం దాటించడు. 2009 నుంచి జరిగిన నాలుగు శాసనసభ ఎన్నికల్లోనూ ఆయన నిలబడి ఓడిపోయారు. ఇళ్లు కట్టించినవాడిని కూడా ఊరు ఓడిస్తుందన్నమాట. తెలుగువాళ్లం, కులం పేరు చెప్పినా, పండుగ చందా ఇచ్చినా కరిగిపోయే రకం, ఈ మాటకు మీరు మమ్మల్ని తిట్టుకున్నా సరే.

లోపం ఎక్కడ కనిపిస్తుందంటే, ఇంత పెద్ద సంస్థ ఒక్క మనిషి పేరు మీద నడవడం. సభ్యులను అడిగితే 'మా సొసైటీ' అనరు, 'మాస్టర్ ఇళ్లు' అంటారు. అభిమానంతో అనే మాటే, కాదనం. కాని మనిషి శాశ్వతం కాదు, సంస్థ ఉండాలి. నీళ్లు, బస్సు, మోరీలు, రోడ్డు దీపాలు, ఇవన్నీ ఇల్లు చేతికొచ్చిన మర్నాటి నుంచి మొదలయ్యే పోరాటాలు. పని నగరంలో, ఇల్లు ఊరి బయట అయితే రాత్రి పాళీ దిగినవాడు ఎట్లా ఇల్లు చేరాలి? ఆటోకు పోయే పైసలు కిరాయి పైసలతో సమానమైతే ఏం లాభం? మన సొసైటీ జాగ చూసేటప్పుడు ఈ ప్రశ్న మొదట అడగాలి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో బొంబాయి చూపించింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైనప్పుడు దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు బయటికి వచ్చారు. మన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. సమ్మె విరమణ అన్నదే లేకుండా మిల్లులు మూతపడ్డాయి, మిల్లు జాగల్లో అద్దాల మేడలు లేచాయి. ఆ జాగల్లో కార్మికులకు కొంత వాటా ఇవ్వాలన్న పోరాటం మీద చివరికి 2012లో మ్హాడా లాటరీ తీస్తే అందులో 6,925 ఇళ్లు. దరఖాస్తు పెట్టుకున్నవారు లక్షన్నరకు దగ్గర. అప్పటికి సమ్మె మొదలై ముప్పై ఏళ్లు. చాలామంది తరఫున లాటరీ చీటీ చూసుకున్నది వారి విధవలు, కొడుకులు. మిల్లు నడుస్తున్నప్పుడు, చేతిలో టికెట్ నంబరు ఉన్నప్పుడు అడగవలసింది, మిల్లు పోయాక అడిగారు. ఆ తప్పు వారిది కాదు, నాయకత్వాలది. మాలాంటి వాళ్లదే.

ఇక మన సంగతి. ఈరోజు షోలాపూర్‌లో చద్దరు, టవలు నేసే సాంచాల మీద పని చేసేవారిలో ఎంతమంది దగ్గర తాము ఫలానా కారఖానాలో కార్మికులమని చెప్పే కాగితం ఉంది? హాజరు యజమాని నోటుబుక్కులో ఉంటుంది, పగారు చేతికి ఉంటుంది, అంతే. బీడీలకు ఉండిన సెస్సు నిధిలాంటిది మనకు లేదు. కార్డూ లేదు. ఈ రెండూ లేకుండా సొసైటీ పెడితే అది మునుపటిలాగే షేరు పైసలు పోగుచేసే డబ్బా అవుతుంది. ఏ బ్యాంకూ అప్పివ్వదు, ఏ పథకంలోనూ పేరు ఎక్కదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. వాటిని మనం వ్యతిరేకిస్తున్నాం, కారణాలు ఈ బులెటిన్‌లోనే రాశాం. కాని అందులో కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలన్న నియమం ఒకటుంది. శత్రువు ఇంట్లో దొరికినా కత్తి కత్తే. ప్రతి సాంచాల షెడ్డు యజమాని దగ్గర ఆ పత్రం అడగాలని కార్యవర్గం తీర్మానించింది. విడివిడిగా అడిగితే రేపటి నుంచి రావద్దంటాడు. షెడ్డు షెడ్డంతా కలిసి అడగాలి, పక్కన యూనియన్ నిలబడుతుంది.

సొసైటీ ఆ తర్వాత. దాని మీద కూడా భయం వద్దు. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణతో సహకార సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కుల్లో చేరింది. వేర్వేరు కుటుంబాల వారు పదిమంది ఉంటే మహారాష్ట్ర చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు. ఏటా ఆడిట్ జరగాలి, సెప్టెంబరు 30 లోపల సర్వసభ్య సభ పెట్టాలి, పుస్తకాలు చూపమని సభ్యుడు అడగవచ్చు. మునిగిన మన పాత సొసైటీకి కూడా ఇట్లాంటి నియమాలు ఉండినాయి. మనమే అడగలేదు. ఇంగ్లండులో రోచ్‌డేల్ అనే ఊళ్లో 1844లో సహకార దుకాణం తెరిచిన 28 మందిలో చాలామంది మనలాంటి నేతగాళ్లే, పగారు కోసం చేసిన సమ్మె ఓడినవాళ్లే. వారానికి రెండు పెన్నీల చొప్పున కూడబెట్టి, పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులతో దుకాణం పెట్టారు. లెక్కలు మాత్రం సభ్యులందరి ముందు విప్పారు.

అందుకే కార్యవర్గం ముందు మేము పెట్టిన షరతులు కొన్ని చెబుతాం. యూనియన్ సెక్రటరీ, అంటే మేము, సొసైటీలో ఏ పదవీ తీసుకోం. ఇల్లు భార్య పేరున, లేదా ఇద్దరి పేరున. జమాఖర్చు ప్రతి మూడు నెలలకు ఈ బులెటిన్ చివరి పేజీలో అచ్చు వేయాలి. షేరు పైసలు నగదుగా ఎవరూ ఎవరి చేతికీ ఇవ్వకూడదు, బ్యాంకు చలానే. కార్యవర్గంలో మూడో షరతు మీద ఇంకా ఒప్పందం కుదరలేదు, అచ్చు ఖర్చు ఎక్కువవుతుందట.

సర్వసభ్య సమావేశం వచ్చే నెల మొదటి ఆదివారం, ఉదయం పాళీ వాళ్లకు కూడా వీలుగా సాయంత్రం పెడుతున్నాం. ఆడవాళ్లను వెంట తీసుకురండి, బయట చెప్పుల దగ్గర కాదు, లోపల ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఏ షెడ్డులో ఎన్ని సంవత్సరాల నుంచి పని చేస్తున్నారో, పక్కన ఎవరెవరు పని చేస్తున్నారో ఒక కాగితం మీద రాసి తెండి. గేటు మీటింగులో లేచి అడిగిన పెద్దమనిషిని కూడా తప్పకుండా రమ్మని కబురు పెట్టాం. పాత సొసైటీ పాసుబుక్కు ఇంకా ఆయన దగ్గర ఉందట, దాన్ని తెస్తానన్నాడు.